కంప్యూటరుకు సర్వరోగ నివారిణి: దాని గుణదోష విచారణ

ధూల్‌పేట అనగానే హైదరాబాదు వాసులకు వినాయక చవితి ప్రతిమలు, సంక్రాంతి గాలిపటములు జ్ఞప్తికి వచ్చును. మూసీనదిపై గల పురానాపూలుకు సమీపమున, ఇరుకు వీధులతో నిండిన ఈ పేటలో నేడు కంప్యూటరు కూడ ఒక పనిముట్టు. విగ్రహముల నమూనా చిత్రములను అచ్చు వేయుటకు, అమ్మకముల లెక్కలు వ్రాయుటకు, విద్యార్థుల పరీక్షా రుసుము చెల్లించుటకు, హాల్‌టికెట్టు తీసికొనుటకు దాని అవసరము కలుగుచున్నది. ఇంటింట కంప్యూటరు లేని చోట జెరాక్సు దుకాణములోని ఒకే యంత్రము పలు కుటుంబములకు ఆధారమగును. ఉదయము నుండి రాత్రి వరకు దానికి తగిలించు పెన్‌డ్రైవులు అనేకము. ఒక దానిలో వచ్చిన వైరసు మధ్యాహ్నమునకు మరి పదింటికి ఎక్కి, సాయంకాలమునకు పాఠశాలలోని కంప్యూటరు గదికి చేరవచ్చును.

ఇట్టి యంత్రము మందగించినపుడు యజమానికి ఒక ప్రకటన కంటబడును. ఒకే ప్యాకేజి చాలునట; అది వైరసులను పట్టును, చెత్తను ఊడ్చును, వేగమును పెంచును, రహస్యములను కాపాడును. ఏడాదికి ఇంత రుసుము. చిన్న దుకాణదారునకు గాని, నిధులు తక్కువగా గల పాఠశాలకు గాని ఆ రుసుము తేలిక ఖర్చు కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. రక్షణ లేకున్నను ఉన్నదని నమ్మి నిశ్చింతగా నుండుట, రక్షణ లేదని తెలిసి జాగ్రత్తపడుట కంటె ప్రమాదకరము. కావున ఇట్టి ప్యాకేజి నిజముగా ఏమి చేయునో, చెప్పినంత చేయుచున్నదో లేదో తేల్చుట ఎట్లు అను ప్రశ్న విచారింపదగినది. ఇది వ్యాపార విషయమువలె కనబడినను, మూలమున శాస్త్రీయ పద్ధతికి సంబంధించిన ప్రశ్న.

ఒకే పెట్టెలో రెండు వృత్తులు

ఆల్-ఇన్-వన్ ప్యాకేజిలో సామాన్యముగా రెండు భిన్నమైన వృత్తులు కలిసియుండును. ఒకటి కాపలాదారు వృత్తి. లోనికి వచ్చు ప్రతి ఫైలును పరిశీలించి, హానికరమైన దానిని ఆపుట దీని పని. దీనినే యాంటీవైరస్ అందురు. రెండవది ఊడ్చువాని వృత్తి. పనికిరాని తాత్కాలిక ఫైళ్లను తొలగించుట, డిస్కును సర్దుట, యంత్రముతో పాటు తెరుచుకొను ప్రోగ్రాములను తగ్గించుట దీని పని. ఈ రెంటికి కావలసిన విద్య వేరు, వాటిని పరీక్షించు కొలబద్దలు వేరు. మంచి కాపలాదారు మంచి ఊడ్చువాడు కానక్కరలేదు. ప్యాకేజికి మొత్తముమీద ఒకే మార్కు వేయు సమీక్షలు పాఠకుని తప్పుదారి పట్టించుటకు ఇదియే మొదటి కారణము. కాబట్టి రెండు వృత్తులను వేరువేరుగా చూడవలెను.

కాపలాదారు దొంగను గుర్తించుట ఎట్లు?

1986లో లాహోరు నగరమున బాసిత్, అంజద్ ఫారూఖ్ ఆల్వీ అను సోదరులు వ్రాసిన "బ్రెయిన్" అను ప్రోగ్రాము ఫ్లాపీ డిస్కుల ద్వారా ప్రపంచమంతట వ్యాపించెను. ఐ.బి.యం. తరహా పర్సనల్ కంప్యూటర్లలో వ్యాపించిన మొదటి వైరసుగా దానిని చెప్పుదురు. అటువంటి వాటిని పట్టుటకు మొదట కనిపెట్టిన ఉపాయము సులభమైనది. ప్రతి వైరసులోను దానికే ప్రత్యేకమైన అంకెల వరుస ఒకటి యుండును. అది దొంగ వేలిముద్ర వంటిది. తెలిసిన వేలిముద్రల పట్టికను దగ్గర నుంచుకొని, ప్రతి ఫైలును దానితో సరిచూచుటయే ఆ ఉపాయము.

ఈ పద్ధతికి గల లోపము స్పష్టము. ఇంతకు ముందెన్నడు పట్టుబడని దొంగ వేలిముద్ర పట్టికలో ఉండదు. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరమున గల ఏ.వి.-టెస్ట్ సంస్థ దినమునకు 4,50,000కు పైగా నూతన హానికర ప్రోగ్రాములను, అవాంఛనీయ ప్రోగ్రాములను నమోదు చేయుచున్నట్లు ప్రకటించినది. వాటిలో అధికభాగము పాతవాటికే వేషము మార్చి విడిచినవి. అందుచే రెండవ ఉపాయము పుట్టినది. వేలిముద్రతో పాటు నడవడిని గమనింతురు. ఒక ప్రోగ్రాము వందలకొలది ఫైళ్లను వరుసగా తెరచి, వాటిని చదువ వీలులేని రూపమునకు మార్చుచున్నచో, దాని పేరు ఏదైనను అది అనుమానింపదగినదే.

అయినచో ఈ ఉపాయములను మెరుగుపరచుచు పోగా, ఎన్నడును పొరబడని కాపలాదారు లభించునా? లభింపడని గణితము చెప్పుచున్నది. 1984లో ఫ్రెడ్ కోహెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించిన వ్యాసములో ఈ సంగతి నిరూపింపబడినది. ఆ నిరూపణము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ బోధపడునంత సరళము.

తప్పెన్నడును చేయని న్యాయాధిపతి వంటి ప్రోగ్రాము ఒకటి గలదని అనుకొందము. ఏ ప్రోగ్రామును చూపినను అది వైరసు అవునో కాదో ఈ న్యాయాధిపతి సరిగా చెప్పును. ఇపుడు ఒక తుంటరి మరొక ప్రోగ్రామును వ్రాసెననుకొందము. అది ముందుగా న్యాయాధిపతిని "నేను వైరసునా?" అని అడుగును. "అవును" అని సమాధానము వచ్చినచో ఏమియు చేయక ఊరకుండును. "కాదు" అని వచ్చినచో వెంటనే తన ప్రతులను వ్యాపింపజేయును. అవునన్నచో అది వైరసు కాదు. కాదన్నచో అది వైరసే. ఏ సమాధానము చెప్పినను న్యాయాధిపతికి తప్పు తప్పదు. కాబట్టి తప్పెన్నడును చేయని న్యాయాధిపతి ఉండుట అసంభవము. 1936లో అలన్ ట్యూరింగ్ ప్రకటించిన సుప్రసిద్ధ సిద్ధాంతమునకు ఇది దగ్గరి చుట్టము.

ఈ నిరూపణము వలన నిత్యజీవితమున ఒక ప్రయోజనము కలదు. "నూటికి నూరుపాళ్లు రక్షణ" అని అట్టమీద అచ్చువేసిన ప్యాకేజి ఏదైనను, పరీక్షింపక ముందే, అసత్యము పలుకుచున్నదని చెప్పవచ్చును.

దొంగల పట్టికకు బదులు పెద్దమనుషుల పట్టికను పెట్టుకొనుట మూడవ ఉపాయము. ముందుగా అనుమతించిన ప్రోగ్రాములు మాత్రమే నడచును. తక్కినవన్నియు, మంచివైనను చెడ్డవైనను, ఆగిపోవును. హైదరాబాదులోని సి-డాక్ కేంద్రమున రూపొందిన "యాప్ సంవిద్" ఈ మార్గము ననుసరించినది. పెన్‌డ్రైవుల రాకపోకలను అదుపుచేయు "యు.ఎస్.బి. ప్రతిరోధ్" కూడ అచటనే తయారైనది. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ద్వారా ఇట్టి సాధనములను ఉచితముగా ప్రజలకు అందించిరి. రోజును ఐదారు ప్రోగ్రాములు మాత్రమే వాడు దుకాణమునకు గాని, పాఠశాలకు గాని ఈ మూడవ మార్గము మిక్కిలి అనుకూలము. వారమునకు ఒక క్రొత్త ఆట తెచ్చి నడుపు ఇంటి కంప్యూటరుకు ఇది చికాకు కలిగించును.

తప్పుడు కూత వలన నష్టము

కాపలాదారు రెండు విధములుగా పొరబడవచ్చును. దొంగను విడిచిపెట్టుట ఒకటి. ఇంటివానిని దొంగ యని పట్టుకొనుట రెండవది. ప్రకటనలలో మొదటి పొరపాటు గూర్చియే చెప్పుదురు. రెండవది కూడ సమానముగ హానికరమని ఒక చిన్న లెక్క చూపగలదు.

ఒక కంప్యూటరులో 2,00,000 ఫైళ్లు ఉన్నవని, వాటిలో 10 మాత్రమే హానికరమని అనుకొందము. యాంటీవైరస్ హానికరమైన వాటిలో నూటికి 99 పట్టును; మంచి ఫైళ్లలో వెయ్యింటికి ఒకదానిని పొరపాటున దోషిగా ఎంచును. వినుటకు ఇది గొప్ప సామర్థ్యము. ఐనను ఫలితమేమి? పదింటిలో దాదాపు పదియు పట్టుబడును. మంచి ఫైళ్లలో దాదాపు 200 కూడ పట్టుబడును. అనగా ప్రతి 21 హెచ్చరికలలో 20 అబద్ధములు. యజమాని వాటిని నమ్మినచో మంచి ఫైళ్లను పోగొట్టుకొనును. విసిగి అన్నిటిని త్రోసిపుచ్చినచో నిజమైన వైరసును కూడ లోనికి రానిచ్చును. తప్పుడు హెచ్చరిక వెయ్యింటికి ఒకటి గాక లక్షకు ఒకటిగ తగ్గినచో అబద్ధములు రెండు మాత్రమే మిగులును. కావున "99 శాతము పట్టును" అను మాట ఒక్కటే విని తృప్తి పడరాదు. తప్పుడు కూతలు ఎన్ని యని కూడ అడుగవలెను.

ఇది కాగితముమీది భయము కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ విడుదల చేసిన ఒక నూతన పట్టిక, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణము వంటి ఫైలునే వైరసుగా భావించి తొలగించెను. అనేక దేశములలో కంప్యూటర్లు పదేపదే ఆగి మరల మొదలగుచు నిరుపయోగమయ్యెను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన పట్టిక వలన కలిగిన నష్టము ఇంకను పెద్దది. ఆ సంస్థ ప్రోగ్రాము 20 అంశములను మాత్రమే అందించుచుండగా, పట్టిక 21వ అంశమును చూడుమని కోరెను. లేని దానిని చదువబోయి ప్రోగ్రాము కూలినది. అది విండోస్ అంతరంగమున నడచునది గనుక, తనతో పాటు విండోస్‌ను కూడ కూల్చినది. ప్రపంచమున 85 లక్షల యంత్రములు ఈ విధముగ దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసెను. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయమున సైతము ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. కాపలాదారునకు ఇంటి తాళపుచెవులన్నియు అప్పగింతురు. కనుకనే అతని పొరపాటు పరుని పొరపాటు కంటె అధికముగ బాధించును.

ఊడ్చు పని: అవసరమెంత?

ఇక రెండవ వృత్తి సంగతి. నిర్వహణ సాధనములు చూపు పట్టిక భయము గొలుపునదిగా నుండును. "రిజిస్ట్రీలో 800 దోషములు" అని ఎఱ్ఱని అక్షరములతో కనబడును. రిజిస్ట్రీ యనగా విండోస్ తన అమరికలను వ్రాసికొను చిట్టా. తీసివేసిన ప్రోగ్రాముల పేర్లు అందు అచ్చటచ్చట మిగిలియుండుట నిజమే. లక్షలకొలది పంక్తులున్న చిట్టాలో కొన్ని వందల పంక్తులు అనవసరముగా నుండినంత మాత్రమున యంత్రము మందగింపదు. కావలసిన పంక్తి ఒకటి పొరపాటున పోయినచో మాత్రము యంత్రమే మొదలు కాకపోవచ్చును. లాభము కంటికి కనబడనంతది, నష్టము పెద్దది. రిజిస్ట్రీని శుభ్రపరచు సాధనముల వాడకమును తాము సమర్థింపమని మైక్రోసాఫ్ట్ స్పష్టముగ ప్రకటించినది.

"మెమరీని విడిపించు" మీట సంగతియు ఇట్టిదే. ఖాళీగా నున్న మెమరీ వలన ప్రయోజనము లేదు. వంటలో మాటిమాటికి కావలసిన డబ్బాలను పొయ్యి ప్రక్కనే పెట్టుకొనునట్లు, విండోస్ తరచుగా కావలసిన వాటిని మెమరీలో ఉంచుకొనును. మీట నొక్కగనే వాటినన్నిటిని అటకమీదికి ఎక్కింతురు. అంకెలలో ఖాళీ ఎక్కువగా కనబడును. మరుక్షణము అదే వస్తువు కావలసినపుడు నిచ్చెన వేసికొనవలసి వచ్చును.

డిస్కును సర్దుట ఒకప్పుడు నిజముగ ఉపయోగపడెను. తిరుగు పళ్లెములు గల హార్డు డిస్కులో ముక్కముక్కలుగ నున్న ఫైలును చదువుటకు సూది అటునిటు పరుగెత్తవలెను. నేటి ఎస్.ఎస్.డి.లో పళ్లెము లేదు, సూది లేదు. ముక్కలు ఎచ్చట నున్నను దాదాపు ఒకే కాలము పట్టును. దానిని ఊరక సర్దుట వలన అరుగుదల మాత్రమే మిగులును. మరియు విండోస్ తనంతట తానే డిస్కు రకమును గుర్తించి, వారమున కొకమారు దానికి తగిన సేవ చేయుచున్నది. తాత్కాలిక ఫైళ్లను తొలగించు ఏర్పాటు కూడ అందే కలదు. అనగా ప్యాకేజి రుసుము తీసికొని చేయు పనులలో కొన్ని అనవసరము, కొన్ని ప్రమాదకరము, ఉపయోగకరమైన కొన్ని ఇదివరకే ఉచితముగ ఉన్నవి.

అట్లయినచో పాత యంత్రము నిజముగ ఎందుకు మందగించును? కారణములు సామాన్యముగ మూడు. యంత్రముతో పాటు తెరుచుకొను ప్రోగ్రాములు పెరిగియుండుట మొదటిది. విండోస్‌లోని టాస్క్ మేనేజరులో వాటిని చూచి అక్కరలేనివి ఆపవచ్చును. పాత హార్డు డిస్కు రెండవది. దానిలో ఒక అంశమును వెదకి పట్టుటకు దాదాపు 10 మిల్లీసెకండ్లు పట్టగా, ఎస్.ఎస్.డి.కి దానిలో నూరవ వంతు చాలును. ఏ సాఫ్ట్‌వేరును ఈ తేడాను పూడ్చలేదు.

మూడవది ధూళి. ధూల్ అనగా ధూళియే గదా. ప్లాస్టరు పొడి గాలిలో తేలు వీధిలో ఈ కారణము మరింత బలమైనది. ప్రాసెసరు పనిచేయునపుడు వేడి పుట్టును. దానిపై గల లోహపు రెక్కల మీదుగా పంకా గాలిని తోలి ఆ వేడిని తీసికొనిపోవును. రెక్కల నడుమ ధూళి పేరుకొనినచో గాలి ఆడదు. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటిగ్రేడును సమీపింపగనే ప్రాసెసరు తన్నుతాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. యజమానికి అది "వైరసు పట్టినట్లు" కనబడును. యంత్రమును ఆపి, కరెంటు తీగను ఊడదీసి, మెత్తని కుంచెతో రెక్కలను శుభ్రపరచిన పోవు జబ్బునకు ఏడాది చందా కట్టుట వ్యర్థము.

వైద్యుడే వ్యాధి యైనపుడు

రోగి భయమే పెట్టుబడిగా వ్యాపారము చేయువారు ఈ రంగమున లేకపోలేదు. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో "విన్‌ఫిక్సర్" మొదలగు నకిలీ రక్షణ సాధనములను అమ్మినవారిపై దావా వేసెను. లేని వైరసులను చూపి పదిలక్షల మందికి పైగా ప్రజలను మోసగించిరని ఆరోపించెను. 2012లో న్యాయస్థానము 16 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను.

2019లో ఆఫీస్ డిపో అను దుకాణముల సంస్థ, దానికి సాఫ్ట్‌వేరును ఇచ్చిన సపోర్ట్.కామ్ కలిసి 3 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టుటకు ఒప్పుకొనెను. ఆ కేసులోని కిటుకు విద్యార్థులు గమనింపదగినది. పరీక్షకు ముందు వాడుకదారుని నాలుగు ప్రశ్నలు అడుగుదురు: యంత్రము మందముగ నున్నదా, హెచ్చరికలు వచ్చుచున్నవా, తరచు ఆగిపోవుచున్నదా, ప్రకటనలు తెరుచుకొనుచున్నవా అని. ఒక్కదానికి "అవును" అన్నను, డిస్కుతో ప్రమేయము లేకుండ, వైరసు లక్షణములు ఉన్నవని ఫలితము వచ్చును. రోగి చెప్పినదానినే నాడి చూచి కనిపెట్టినట్లు నటించుట యన్నమాట. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అను మరమ్మతు సాధనముల సంస్థలు ఇటువంటి ఆరోపణలపైననే 2 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టుటకు అంగీకరించెను.

నిజాయితీగల సాధనమును సైతము దొంగలు వాహనముగ చేసికొనవచ్చును. పేరుపొందిన ఊడ్పు సాధనము సీక్లీనర్‌లోనికి 2017లో చొరబాటుదారులు హానికర భాగమును చేర్చిరి. ఆగస్టు 15 నుండి సెప్టెంబరు 12 వరకు అధికార స్థానము నుండియే అది పంపిణీ అయి, దాదాపు 22 లక్షల 70 వేలమంది యంత్రములకు చేరెను. మరియొక సంగతి: వాడుకదారులు చూచిన వెబ్ పుటల వివరములను తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు అవాస్ట్ సంస్థ 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపవలెనని 2024లో అదే కమిషన్ ఆదేశించెను. కావున రక్షణ సాధనము ఏమి తెచ్చుచున్నదని మాత్రమే గాక, ఇంటి నుండి ఏమి తీసికొనిపోవుచున్నదని కూడ చూడవలెను.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

జుమ్మెరాత్ బజారులో పాత గడియారము కొనువాడు దానిని చెవి కానించి వినక డబ్బు చేతబెట్టడు. సాఫ్ట్‌వేరు విషయమున కూడ ఈ జాగ్రత్త కావలెను. కొంత పరీక్ష పాఠశాలలోనే చేయవచ్చును, కొంత చేయరాదు.

నిజమైన వైరసులను సేకరించి పరీక్షించుట చేయరానిది. అది అపాయకరము, పైగా గణితము దృష్ట్యా నిష్ప్రయోజనము. ఒక సాధనము 20 వైరసులలో 20 పట్టినదనుకొందము. అది గొప్పదని తేలెనా? నూటికి 14 చొప్పున విడిచిపెట్టు సాధనము కూడ 20కి 20 పట్టుటకు గల అవకాశము 0.86ను ఇరువదిమార్లు గుణించిన లబ్ధము. అది దాదాపు 0.05. అనగా ఇరువదింట ఒకమారు నాసిరకపు సాధనము కూడ ఈ పరీక్షలో పూర్తి మార్కులు పొందును. వేలకొలది నమూనాలు గల ప్రయోగశాలలే ఈ పని చేయవలెను. ఏ.వి.-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున గల ఏ.వి.-కంపారటివ్స్, ఇంగ్లాండులోని వైరస్ బులెటిన్ ఇట్టివి. ఏ.వి.-టెస్ట్ రక్షణకు 6, వేగమునకు 6, తప్పుడు కూతలు లేమికి 6, మొత్తము 18 మార్కులు ఇచ్చును. ఒక నెల ఫలితము గాక రెండు మూడేండ్ల ఫలితములను, ఒక ప్రయోగశాలను గాక రెండింటిని పోల్చి చూచుట మేలు. ఫలితములలో కనబడని ప్యాకేజి విషయమున అనుమానము ఉండుట న్యాయము.

పాఠశాలలో చేయదగినవి నాలుగు.

మొదటిది, కాపలాదారు మేలుకొనియున్నాడో లేదో చూచుట. ఇందులకు ఐకార్ పరీక్షా ఫైలు అను నిరపాయకరమైన ఫైలు కలదు. అది 68 అక్షరముల వరుస మాత్రమే; ఎవరికిని హాని చేయదు. దానిని చూడగనే కూత వేయుటకు యాంటీవైరస్ సంస్థలన్నియు అంగీకరించినవి. ఆ ఫైలును పెన్‌డ్రైవులో ఉంచి తెరచినపుడు కూత రాకున్నచో కాపలాదారు నిద్రించుచున్నాడు. కూత వచ్చినచో మేలుకొనియున్నాడని మాత్రమే అర్థము; సమర్థుడని కాదు. బడిలో గంట మ్రోగునో లేదో చూచుటకును, మంటలార్పు విద్య పరీక్షించుటకును గల భేదమే ఇచట గలదు.

రెండవది, వేగమును కొలుచుట. మీట నొక్కినది మొదలు ఒక నిర్ణీత ప్రోగ్రాము తెరుచుకొనువరకు పట్టు కాలమును ఐదుమార్లు కొలువవలెను. దృష్టాంతమునకు, ప్యాకేజి పెట్టకముందు 62, 58, 60, 95, 59 సెకండ్లు. పెట్టిన తరువాత 57, 61, 66, 59, 60 సెకండ్లు వచ్చినవనుకొందము. సగటులు 66.8, 60.6. ఆరు సెకండ్ల లాభమని సంతసింపవచ్చును. ఐతే క్రమములో పేర్చి నడిమి సంఖ్యను చూచిన రెండుచోట్లను 60యే. ఒక్క 95 సగటును పైకి లాగినది. ఆ సమయమున విండోస్ తన నవీకరణలో మునిగియుండవచ్చును. సగటుకును మధ్యగతమునకును గల భేదము పాఠ్యపుస్తకములో చదివిన విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

మూడవది, సత్యసంధతను పరీక్షించుట. విండోస్‌ను క్రొత్తగా స్థాపించిన, దోషములు లేని యంత్రముపై ప్యాకేజిని నడుపవలెను. అచ్చట కూడ వందల దోషములు చూపి, బాగుచేయుటకు డబ్బు కోరినచో దాని సంగతి తేలిపోయినట్లే. నాలుగవది, తొలగించి చూచుట. తొలగింపుమనగనే శుభ్రముగ పోవునా, లేక శేషములను విడుచునా, బ్రౌజరు మొదటి పుటను మార్చునా, ఏడాది నిండగనే అడుగకుండ చందా తీసికొను షరతు ఉన్నదా అని చూడవలెను. ఒకే యంత్రమున ఒకేసారి రెండు యాంటీవైరస్‌లను మేలుకొల్పి యుంచరాదు. అవి ఒకదానిని మరొకటి అనుమానించి యంత్రమును స్తంభింపజేయును.

ఈ పరీక్షలన్నిటియందును పోల్చుటకు ఒక ఆధారము కావలెను. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు డిఫెండరు అను కాపలాదారు విండోస్‌తో పాటు ఉచితముగ వచ్చుచున్నాడు. కాబట్టి "ఈ ప్యాకేజి మంచిదా?" అనునది సరియైన ప్రశ్న కాదు. "ఇదివరకే ఉన్నదానికంటె ఎంత మంచిది? ఆ తేడా ఈ రుసుమునకు తగునా?" అనునది సరియైన ప్రశ్న.

ప్యాకేజికి వెలుపలి రక్షణ

2017 మే 12న వన్నాక్రై అను ప్రోగ్రాము ప్రపంచమున అనేక దేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి ధనము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని, తిరుమల తిరుపతి దేవస్థానము కంప్యూటర్లు కొన్ని దానికి గురియయ్యెను. ఆ ప్రోగ్రాము ప్రవేశించిన కన్నమును పూడ్చు నవీకరణను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసియుండెను. దానిని వేసికొనిన యంత్రములకు ఆ కన్నము ద్వారా ప్రమాదము రాలేదు. ఖరీదైన కాపలాదారు కంటె మూసిన తలుపు మేలని ఇది తెల్పుచున్నది. విండోస్ 10కి సాధారణ నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అట్టి యంత్రములున్న పాఠశాలలు చందాకు డబ్బు వెచ్చించుటకు ముందు ఈ సంగతిని ఆలోచింపవలెను.

నవీకరణ తరువాత ముఖ్యమైనది ప్రతి తీయుట. విద్యార్థుల పేర్లు, మార్కులు, దుకాణపు లెక్కలు వారమున కొకసారి వేరొక డిస్కులోనికి ఎక్కించి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో ఉంచవలెను. తగిలించియున్న డిస్కుకు కూడ తాళము పడవచ్చును గనుక విడదీయుట అత్యవసరము. నెలకొకమారు ఆ ప్రతి నుండి ఒక ఫైలును తిరిగి తెరచి చూడవలెను. తెరుచుకొనని ప్రతి ప్రతి కాదు. పెన్‌డ్రైవులు పలువురివి వచ్చు దుకాణమున పనికి, ఇంటి లెక్కలకు వేరువేరు యంత్రములు గాని, కనీసము వేరువేరు ఖాతాలు గాని ఉండవలెను. నిత్యము వాడు ఖాతాకు సర్వాధికారములు ఉండరాదు. మోసమునకు గురియై ధనము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు తెలుపవలెను.

పురానాపూలు ప్రాంతము ఎరిగిన ఒక చరిత్ర ఇచట స్మరింపదగినది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచినది. వరద తీసిన పిమ్మట బురదను ఊడ్చుట అవసరమే; కాని నగరమును కాపాడినది ఆ ఊడ్పు కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఎగువన నిర్మించిన ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరములే తరువాతి కాలమున నగరమునకు రక్షణమైనవి. కంప్యూటరు విషయమునను ఎగువ కట్టలు మూడు: నవీకరణ, విడిగా దాచిన ప్రతి, తెలియని ఫైలును తెరువని అలవాటు. ఈ మూడును ఉన్నచోట విండోస్‌తో వచ్చు ఉచిత కాపలాదారు చాలవరకు సరిపోవును. ఈ మూడును లేనిచోట ఎంత ఖరీదైన ప్యాకేజియైనను బురదను ఊడ్చు చీపురు మాత్రమే యగును.

వినాయక ప్రతిమ కొనువాడు రంగులను చూచి మురియును. చేయి తిరిగిన పనివాడు లోపలి గడ్డి, కఱ్ఱ, చట్రము గట్టిగ నున్నవా యని తట్టి చూచును. "మీ కంప్యూటరు సురక్షితము" అని తెరపై వెలుగు ఆకుపచ్చ గుర్తు పైరంగు వంటిది. దానిని తట్టి చూచుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. ఒక గడియారము, ఒక నోటుపుస్తకము, 68 అక్షరముల ఫైలు, ప్రకటనను ప్రశ్నించు ధైర్యము ఉన్నచో ఏ పాఠశాలలోనైనను ఈ పరీక్షను జరుపవచ్చును.